లిఫ్టు బాబాయి కూర్చున్నాడు

లిఫ్టు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. కూర్చుంటాడు. ఎక్కడపడితే అక్కడ, ఎప్పుడుపడితే అప్పుడు, కింద గడ్డి ఉందా బురద ఉందా అని కూడా చూడకుండా చతికిలబడిపోతాడు. మనకి మాట మధ్యలో తుమ్మొచ్చినట్టు ఆయనకి ఆట మధ్యలో కూర్చోవడం వస్తుంది. బంతి దూసుకొస్తుంటే గోల్‌కీపరన్నవాడు పక్కకి దూకుతాడని మీరూ నేనూ అనుకుంటాం. ఈయన కూర్చుంటాడు. బంతి నెత్తి మీంచి పోయి వలలో పడ్డాక తీరిగ్గా వెనక్కి తిరిగి, "ఓహో, వచ్చేసిందా?" అంటాడు.

నవ్వండి, కాదనను. కానీ నవ్వే ముందు ఒక సంగతి వినండి. ఈ మనిషి ఇరవై రెండేళ్ళ పాటు పని గంటల్లో ఒక్క నిమిషం కూర్చోలేదు.

ఆయన లిఫ్టు నడిపేది తొమ్మిదంతస్తుల బిల్డింగులో. కింద నుంచి పైదాకా డాక్టర్ల గదులు, రక్తపరీక్షల ల్యాబులు, ఎక్స్‌రేలు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు లిఫ్టులో ఓ మూల చెక్క స్టూలు ఉండేది. నెల తిరక్కుండానే మేనేజరు దాన్ని తీయించేసి, అదే చోట నిలువెత్తు ప్రకటనల బోర్డు పెట్టించాడు. కొన్నేళ్ళకి బోర్డు పోయి టీవీ వచ్చింది. బిస్కెట్ల ప్రకటనకి చోటుంది, మనిషి పిర్రలకి లేదు! బాబాయి ఏటా ఒక అర్జీ పెట్టాడు. ఏటా అదే జవాబు: "స్టూలు వేసినచో ఒక ప్రయాణికుని స్థలము పోవును." బాబాయి ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "వచ్చే ఏడు చూద్దాం" అనేవాడు. రోజుకి పది గంటలు నిలబడి నిలబడి మోకాళ్ళు రెండూ బంతుల్లా వాచిపోయాయి. వాటిని వేసుకునే ఆయన మా షోకి వచ్చాడు.

షో పేరు "పరుగు రాని పదకొండు". పుట్టి బుద్ధెరిగాక బంతి ముట్టని పదకొండు మందిని పోగేసి, శని ఆదివారాలు ఫుట్‌బాల్ నేర్పి, పన్నెండు వారాల తర్వాత ఫైనల్ ఆడిస్తారు. మా డైరెక్టరు పళ్ళ డాక్టరు కోసం ఆ బిల్డింగుకి వెళ్ళి, లిఫ్టెక్కి, బాబాయిని ఎగాదిగా చూసి అడిగాడట.

"బాబాయ్, నువ్వెప్పుడైనా పరిగెత్తావా?"

"ఎందుకండీ? లిఫ్టుందిగా!"

నాలుగో అంతస్తు దాటేలోపు ఎంపికైపోయాడు.

ఆ షోలో నా పని ఫుటేజీ రాయడం. ఆరు కెమెరాలు తీసిందంతా కూర్చుని చూసి, ఏ నిమిషంలో ఎవరు పడ్డారు, ఎవరు ఏడ్చారు, ఎవరి ప్యాంటు చిరిగింది అని పట్టీ రాసి ఎడిటరుకి ఇవ్వాలి. ఇతరుల అవమానానికి గుమాస్తాని అన్నమాట. నా పాపం ఇంకోటి కూడా ఉంది, ఇప్పుడే ఒప్పేసుకుంటాను. బాబాయి కూర్చున్నప్పుడల్లా టీవీలో "కొక్కొక్కొక్కొ" అని కోడిపెట్ట అరుపు వినిపించేది గుర్తుందా? ఆ పెట్టని ఏరికోరి తెచ్చింది నేనే. మూడు పెట్టల అరుపులు విని మరీ ఎంచాను. అప్పట్నుంచి దేశం మొత్తానికీ ఆయన "పెట్టగారు" అయిపోయాడు.

ఆ షో రూళ్ళు రాసినవాడికి మోకాళ్ళు ఉండి ఉండవు. కోచ్ విజిల్ వేసేదాకా ఎవరూ కూర్చోకూడదు. కూర్చున్నా, కూలినా ఆ వీడియో ముక్క ఆ వారం "కుప్పకూలిన వీరులు" అనే భాగంలో వేస్తారు. మూడుసార్లు వేస్తే ఇంటికి పంపేయాలా వద్దా అని జనం ఓటేస్తారు. జనం ఎలా వేస్తారో చెప్పాలా? రెండో వారంలోనే ఒక లైబ్రరీ ఉద్యోగిని, నలభై నాలుగేళ్ళావిడని, పంపేశారు. వెళ్ళేటప్పుడు ఆవిడకి బూటు లేసు ముడి ఎంతకీ ఊడి రాలేదు. దాన్ని కూడా దగ్గరికి లాగి చూపించారు. అది కూడా నేను రాసిన పట్టీలోదే: "పదకొండో నిమిషం, లేసు, బాగుంది."

ఆవిడ స్థానంలో వచ్చినావిడే షాపమ్మాయి. అమ్మాయి అంటే ముప్ఫై ఆరేళ్ళుంటాయి. పెద్ద బట్టల షాపులో పదకొండు గంటలు నిలబడి గుడ్డలు పరిచి చూపించే ఉద్యోగం. అక్కడా కుర్చీ లేదు. కస్టమరు లేనప్పుడు గోడకి ఆనుకున్నా సూపర్‌వైజరు పేరు రాసుకుంటాడు. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉండేవి. రంగు మేజోళ్ళు వేసి దాచేది.

ఇక కోచ్. గొంతు పెద్దది, మనసు మరీ చెడ్డది కాదు. కానీ తిట్టడం మొదలెడితే ఆపడం చేతకాదు. అందులోనూ ఒకటే పాట. బాబాయి కూర్చుంటాడు. కోచ్ విజిల్ ఊదుతాడు. ఆట ఆగుతుంది. కెమెరాలన్నీ గోలు దగ్గరికి పరిగెడతాయి.

"ఏం పెద్దాయనా, మళ్ళీ కూర్చున్నావ్?"

"కూర్చున్నా సార్."

"నా మోకాలు బెణికిన రోజున కూడా నేను కూర్చోలేదు, తెలుసా?"

"చెప్పండి సార్."

ఆ "చెప్పండి సార్" ఒక్కటి చాలు, కోచ్‌కి ఆరు నిమిషాలు సరిపోవు. మొదటి వారం ఆ మోకాలు బెణికింది. మూడో వారానికి చిట్లింది. ఆరో వారానికి విరిగింది. తొమ్మిదో వారానికి రెండు ముక్కలై, ఒక ముక్క చేత్తో పట్టుకుని గోలు కొట్టాడు. బాబాయి బురదలో కూర్చుని శ్రద్ధగా తల ఊపి, "అయినా ఇప్పుడు నడుస్తున్నారుగా సార్, అదృష్టం" అనేవాడు. దాంతో ఇంకో రెండు నిమిషాలు.

అయిదో వారం పెనాల్టీల ప్రాక్టీసు. కోచ్ స్వయంగా కొట్టాడు. బాబాయి ఎప్పట్లాగే కూర్చున్నాడు. ఈసారి బంతి కిందికొచ్చింది, ఆయన నుదుటికి తగిలి ఎగిరి మైదానం బయట పడింది. అది మా జట్టు ఆపిన మొట్టమొదటి గోలు. మెచ్చుకోవాలో తిట్టాలో కోచ్‌కి తోచలేదు. తిట్టడమే అలవాటు కాబట్టి తిట్టాడు. నుదుటి మీద బొప్పి పట్టుకుని బాబాయి, "పర్లేదు సార్, మీరు కానివ్వండి" అన్నాడు.

జట్టులో రిటైరైన గుమాస్తా ఒకాయన ఉండేవాడు, అరవై దాటినవాడు. ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏమయ్యా బాబాయ్, కాస్త ఆపుకోలేవూ?"

"ఇరవై రెండేళ్ళు నిలబడ్డాను మాస్టారూ. ఇప్పుడు ఖాళీ నేల కనిపిస్తే ప్రాణం ఆగడం లేదు."

అందరం నమ్మేశాం. నమ్మడానికి బాగుంది, టీవీకి ఇంకా బాగుంది. ముప్ఫైసార్లు కూర్చున్నా ఆయన్ని మాత్రం ఓటింగుకి పెట్టలేదు. "పెట్ట పోతే షో పోతుంది" అన్నాడు డైరెక్టరు. లైబ్రరీ ఆవిడ పోయాక వారానికి ఒక్క ముక్కే వేసేవాళ్ళం కాబట్టి ప్రతి వారం ఆయనదే పడేది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన బతుకు ఎలా ఉండేదో మాలో ఎవరూ ఆలోచించలేదు. ఒకసారి పని మీద ఆ బిల్డింగుకి వెళ్ళాను. లిఫ్టులో ఇద్దరు కుర్రాళ్ళు ఆయన వెనక నిలబడి "కొక్కొక్కొ" అంటున్నారు. సూటు వేసుకున్న ఓ పెద్దమనిషి, "అయిదో అంతస్తు, పెట్టగారూ" అన్నాడు. ఒకప్పుడు స్టూలున్న మూలలో టీవీ వెలుగుతోంది. అందులో ఈయన బురదలో కూర్చుని ఉన్నాడు, నేనెంచిన పెట్ట అరుస్తోంది. దాని పక్కనే ఈయన నిటారుగా నిలబడి, "అయిదో అంతస్తు అండీ, జాగ్రత్తగా దిగండి" అంటున్నాడు.

మేనేజరు పిలిచి చీవాట్లు కూడా పెట్టాడట. "బిల్డింగు పరువు తీస్తున్నావు. అయినా నీకింకా స్టూలెందుకయ్యా? శని ఆదివారాలు కడుపునిండా కూర్చుంటున్నావుగా!" ఈ మాట బాబాయే చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఫైనల్‌కి ముందు ఒక్కొక్కరి చేత కెమెరా ముందు ఒక కోరిక చెప్పించారు. ఆట సమం చేసుకున్నా చాలు, పదకొండు కోరికలూ తీరుస్తారు. కాకపోతే ఫైనల్లో విజిల్ పడకుండా ఎవరు కూర్చున్నా, కూలినా వాళ్ళ కోరిక రద్దు, వాళ్ళు బయటికి. గుమాస్తా ఇంటికి కొత్త పైకప్పు అడిగాడు. షాపమ్మాయి నెల రోజుల సెలవు అడిగింది. కాళ్ళ ఆపరేషను చేయించుకోవాలి, తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఉండాలి, అంతే. ఆ మాట అడగడానికి ఒక మనిషి టీవీలో గంతులు వేయాల్సి వచ్చిందంటే అది ఎలాంటి షాపో, మనం ఎలాంటి కస్టమర్లమో మీరే చెప్పండి.

బాబాయి వంతు వచ్చింది.

"మా లిఫ్టులో ఒక స్టూలు అండీ."

"బాబాయ్, బండి అడుగు, ఇల్లు అడుగు. స్టూలేంటి?" అన్నాడు డైరెక్టరు.

"ఆనుకోడానికి వెనక చెక్క లేకపోయినా పర్లేదండి."

బిల్డింగు ఓనరే మా షోకి ప్రకటనలిచ్చే పెద్దమనిషి. ఆయన కెమెరా ముందు గుండె మీద చెయ్యి వేసుకుని, "మా వాడు నెగ్గితే మర్నాడే వేయిస్తాను" అన్నాడు. ఇరవై రెండు అర్జీలకి దొరకని మాట అది. బాబాయి ఆ వారమంతా లిఫ్టులో కొలతలు తీసుకున్నాడట, జానతో.

ఫైనల్లో ఎదుటి జట్టు ఫైర్ స్టేషన్ వాళ్ళు. మనుషులు కారు, నిచ్చెనలు. అయినా మావాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. ఒకటి, స్టేషన్ సైరన్ మోగిందనుకుని ఆ జట్టు సగం వెనక్కి తిరిగినప్పుడు. రెండోది వాళ్ళే వాళ్ళ వలలో వేసుకున్నారు. స్కోరు రెండు రెండు. ఇంకా ఏడు నిమిషాలుంది. బాబాయి ఆ రోజు ఒక్కసారి కూడా కూర్చోలేదు. మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుని, రెండు గోలు కర్రల మధ్య లిఫ్టులో నిలబడ్డట్టే నిలబడ్డాడు. మైదానం పక్కన స్టూడియో బండిలో మేమంతా తెర చూస్తున్నాం, లైవ్‌లో పెట్టని అరిపించే మీట నా చేతి కింద ఉంది.

కూర్చున్నాడు.

బంతి ఎక్కడో అవతల గోలు దగ్గర ఉంది. ఈయనకి పనే లేదు. చక్కగా మఠం వేసుకుని కూర్చున్నాడు. అలవాటు చొప్పున నా వేలు మీట మీద పడింది, మైదానమంతా పెట్ట అరిచింది.

"లేవమనండి ఆ మనిషిని! స్టూలు పోతుంది!" డైరెక్టరు కేకలు.

"బాబాయ్, లే! రిఫరీ చూళ్ళేదు, లే!" గుమాస్తా మైదానం మధ్య నుంచి అరుస్తున్నాడు.

బాబాయి లేవలేదు. పైగా చెయ్యెత్తి రిఫరీని పిలిచాడు. "కూర్చున్నానండీ" అని చెప్పాడు.

విజిల్ పడింది. కోచ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మోకాలు కథ కూడా మర్చిపోయి, ఎర్రబడ్డ మొహంతో, "ఎందుకయ్యా? ఒక్క ఏడు నిమిషాలు!" అన్నాడు.

"మీ మోకాలు సంగతి చెప్పండి సార్" అన్నాడు బాబాయి.

కోచ్ చెప్పాడు. ఆ రోజు అది మూడు ముక్కలైంది. ఎనిమిది నిమిషాలు పట్టింది. తర్వాత బాబాయిని బయటికి పంపారు. గోలులో గుమాస్తా నిలబడ్డాడు. ఆఖరి నిమిషంలో వచ్చిన బంతి ఆయన పొట్టకి తగిలి ఆగిపోయింది. ఆట సమం. పది కోరికలు తీరాయి. పదకొండో మనిషి గీత బయట గడ్డి మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. జనం "పెట్ట చివరికి కూడా మారలేదు" అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు.

తర్వాతి వారం నాకో పని చెప్పారు. బాబాయి కూర్చున్న ముక్కలన్నీ ఏరి, "పెట్టగారి ముప్ఫై ఏడు గుడ్లు" అని ఒక వీడియో కుట్టాలి. ఆ ముక్కల్లో అప్పటిదాకా నేను చూసింది గోలు వైపు పరిగెత్తిన ఆ ఆరు కెమెరాలే. నిడివి చాలక మొదటిసారి, స్తంభానికి బిగించి వదిలేసిన, మైదానమంతా కనిపించే ఏడో కెమెరా తెరిచాను.

ఒకటో గుడ్డు. బాబాయి కూర్చోడానికి నాలుగు క్షణాల ముందు, తెర అంచున గుమాస్తా మోకాళ్ళు వణుకుతున్నాయి. విజిల్ పడింది, కోచ్ తిట్లు మొదలెట్టాడు, ఆట ఆగింది కాబట్టి ఇప్పుడు ఎవరు కూర్చున్నా తప్పు లేదు. గుమాస్తా కూర్చున్నాడు. రెండో గుడ్డు, ఇంకో మూల ఇంకో మనిషి. మూడు, నాలుగు, పది, ఇరవై. ప్రతిసారీ అంతే. ఆ ఆరు నిమిషాలూ కెమెరాలన్నీ బాబాయి మీద ఉంటే, పది మంది వెనకాల కాళ్ళు చాపుకుని నీళ్ళు తాగుతున్నారు. ముప్ఫై ఏడో గుడ్డు ఫైనల్. షాపమ్మాయి మైదానం మధ్య ఒంటికాలి మీద ఊగుతోంది. చెయ్యి గాలిలో దేన్నో పట్టుకోబోతోంది. విజిల్ పడింది. ఆమె కూలబడింది, రూలు ప్రకారమే.

వీడియో కుట్టలేదు. తిన్నగా బిల్డింగుకి వెళ్ళి లిఫ్టెక్కాను.

"ఎన్నో అంతస్తు అమ్మాయ్?"

"ఎక్కడికీ కాదు. నువ్వు ఎందుకు కూర్చునేవాడివో చెప్పు బాబాయ్."

"కూర్చోవాలనిపించింది, కూర్చున్నా."

"ముప్ఫై ఏడుసార్లూ వేరేవాళ్ళ మోకాళ్ళు వణికినప్పుడే అనిపించిందా?"

మధ్యలో రెండంతస్తుల దగ్గర తలుపు తీసి, వేశాడు. ఒక అబద్ధం మీద ఎక్కువసేపు నిలబడటం ఆయనకి రాదు. దానికి కూడా కాస్త ఆనుకునే చోటు ఉండాలేమో.

"ఈ డబ్బాలో మొహాలు చూస్తే జనానికి ఇబ్బంది అమ్మాయ్. అందుకని కాళ్ళు చూస్తాను. మనిషి పడే ముందు మడమ పైకి లేస్తుంది. మోకాలు లోపలికి తిరుగుతుంది. ఒక పది అంకెలు లెక్కపెట్టేంత టైముంటుంది. నేను చేరిన రెండో నెల, జ్వరంతో ఒకామె ఎక్కింది. తొమ్మిదో అంతస్తు అంది. మడమ లేవడం చూశాను. అప్పుడు నాకు దాని అర్థం తెలీదు. అయిదుకీ ఆరుకీ మధ్య పడిపోయింది. ఆ టీవీ ఉందే, అప్పుడు బోర్డు ఉండేది, దాని ఇనప అంచుకి తల తగిలింది."

"తర్వాత?"

"మోసుకుపోయారు. ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు. స్టూలు ఉన్న చోటే పడింది అమ్మాయ్. తొమ్మిది అన్నది. నేను తొమ్మిది దాకా తీసుకెళ్ళలేకపోయాను."

అప్పుడు అర్థమైంది నాకు. ఇరవై రెండు అర్జీలూ ఆయన మోకాళ్ళ కోసం కాదు.

"అలాంటప్పుడు ఫైనల్లో ఎందుకు వదులుకున్నావ్ బాబాయ్? ఇన్నాళ్ళు అడిగావుగా!"

"పడే మనిషిని ఎదురుగా పెట్టుకుని, రేపు పడబోయేవాళ్ళ కోసం స్టూలు దాచుకోమంటావా?" అని, "ఏడో అంతస్తు" అని తలుపు తీశాడు.

ఇరవై మూడో అర్జీకి కూడా అదే జవాబు వచ్చింది. "నెగ్గనివాళ్ళకి ఇవ్వడం కుదరదు" అన్నాడు ఓనరు, ఈసారి గుండె మీద చెయ్యి వేసుకోకుండా.

నేను ఫుటేజీ పట్టీ జట్టులో పది మందికీ చూపించాను. ఆపరేషను అయ్యాక షాపమ్మాయి మొదట వచ్చింది, మడత స్టూలు చంకలో పెట్టుకుని. లిఫ్టెక్కింది, స్టూలు వేసుకుంది, దర్జాగా కూర్చుంది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్, స్టూలు తీయించు!"

"ఆపరేటరుకి స్టూలు లేదని రూలు సార్. నేను ప్రయాణికురాల్ని."

"ఏ అంతస్తుకి?"

"ఇంకా అనుకోలేదు. తిప్పు బాబాయ్."

మేనేజరు రూళ్ళ పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. ప్రయాణికులు కూర్చోకూడదని ఎక్కడా లేదు. అప్పట్నుంచి పది మందీ వంతులు వేసుకున్నారు. రోజుకొకరు వస్తారు. కోచ్ కూడా మంగళవారం ఒప్పుకున్నాడు, మోకాలు కథ చెప్పుకోవచ్చని. పద్ధతి ఏమిటంటే, వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, లేచి, బాబాయిని బలవంతంగా కూర్చోబెట్టాలి.

ఈ పద్ధతి ఇంతవరకు ఒక్కరోజు కూడా నెగ్గలేదు. తలుపు తెరుచుకోగానే బాబాయి కళ్ళు కిందికి పోతాయి, ఎక్కినవాళ్ళలో ఎవరిదో మడమ పైకి లేస్తుంది, స్టూలు వాళ్ళ కిందికి పోతుంది. మొన్న మేనేజరే నడుం పట్టేసి ఎక్కాడట. ఆయనకీ ఇచ్చాడు. కోచ్‌కి ఒళ్ళు మండిపోయి ఆరు నిమిషాలు తిట్టాడు. "చెప్పండి సార్" అన్నాడు బాబాయి, నిలబడే.

ఇదంతా ఊరికే నవ్వుకోమని రాయలేదు. మీతో రెండు పనులున్నాయి. మీ ఫోనులో ఆ పెట్ట వీడియో ఇంకా ఉంటే ఇప్పుడే తీసేయండి. దాన్ని తయారుచేసినదాన్ని నేనే అడుగుతున్నాను. రెండోది, ఇకమీదట ఏ షాపుకి, ఏ ఆఫీసుకి, ఏ లిఫ్టుకి వెళ్ళినా అక్కడ నిలబడ్డవాళ్ళ మొహం కాదు, కాళ్ళు చూడండి. "వీళ్ళ కుర్చీ ఏది?" అని ఓనరుని అందరికీ వినపడేలా అడగండి. జవాబు వచ్చేదాకా ఏమీ కొనకండి, అక్కణ్ణుంచి కదలకండి.

ఎప్పుడైనా బాబాయి లిఫ్టే ఎక్కారనుకోండి, మడమలు రెండూ నేలకి ఆనించి, మోకాళ్ళు బిగబట్టి, తొమ్మిదో అంతస్తు దాకా గట్టిగా నిలబడండి. మీరు ఏమాత్రం తూలినా ఆయన కూర్చోడు.